తెరమీది చెంచెత చేతిలో ఏముంది?

1983లో నేను ఏడో తరగతి. గద్వాలలో మా స్కూలు వార్షికోత్సవానికి చెంచులక్ష్మి వేషం వేశాను. చిరుతపులి మచ్చల గుడ్డ కర్నూలు నుంచి తెప్పించారు. మెడలో గవ్వల దండ, తలలో నెమలీక, మోచేతులకు ఆకుల కట్లు, చేతిలో వెదురు విల్లు. నేను చామనఛాయ కాబట్టి ఆ వేషానికి 'సరిపోతాను' అని టీచరు అందరి ముందూ అంది. అది పొగడ్తో తిట్టో ఆ వయసులో అర్థం కాలేదు. స్టీలు పళ్లెం బహుమతి వచ్చింది. మా అమ్మ ఆ పళ్లెంలో చాలా ఏళ్లు పిండి జల్లించుకుంది.

ఈ సంగతి ఇప్పుడెందుకంటే, ఈ మధ్య 1958 నాటి 'చెంచులక్ష్మి' మళ్లీ చూశాను. ఒకసారి కాదు, మూడుసార్లు. మొదటిసారి ఇష్టంగా చూశాను. రెండోసారి కోపంగా చూశాను. మూడోసారి కాగితం, పెన్ను పట్టుకుని చూశాను. ఈ వ్యాసం ఆ మూడో చూపులోంచి వచ్చింది. కానీ మొదటి చూపు నన్ను పూర్తిగా వదలలేదని ముందే ఒప్పుకుంటున్నాను. అంజలీదేవి కళ్లు తిప్పితే ఇవాళ్టికీ నా ముఖం మీద నవ్వు వస్తుంది.

నేను గద్వాలలో పుట్టి, వనపర్తిలో చదువుకుని, అచ్చంపేటలో పాఠాలు చెప్పాను. 2016 అక్టోబరులో జిల్లాలు విడగొట్టాక ఇవి మూడూ మూడు జిల్లాల్లోకి పోయాయి గానీ, మా లెక్కలో అంతా పాలమూరే. ఈ పాలమూరులో ఒక చివర కృష్ణ, తుంగభద్రల మధ్య నడిగడ్డ ఉంది. ఇంకో చివర నల్లమల ఉంది. తెలుగు సినిమాకు 'అడవి స్త్రీ' బొమ్మను అరువిచ్చిన అడవి అదే. ఆ అడవికి మాత్రం సినిమా తిరిగి ఏమిచ్చిందో చూద్దామని నా ప్రయత్నం.

తెలుగులో 'చెంచులక్ష్మి' రెండుసార్లు వచ్చింది. మొదటిది 1943లో, ఎస్. సౌందరరాజన్ దర్శకత్వంలో. సి.హెచ్. నారాయణరావు, కమలా కోట్నీస్ నటించారు. రెండోది 1958లో, బి.ఎ. సుబ్బారావు తీసింది. అక్కినేని నాగేశ్వరరావు, అంజలీదేవి జంట, హిరణ్యకశిపుడుగా ఎస్.వి. రంగారావు, సాలూరి రాజేశ్వరరావు సంగీతం. మనకందరికీ గుర్తున్నది ఇదే.

మొదటి సినిమా వచ్చిన 1943లోనే చెంచుల మీద ఒక పుస్తకం కూడా వచ్చింది. ఆస్ట్రియా నుంచి వచ్చిన మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ 1940లో అమ్రాబాద్ పీఠభూమిలో చెంచుల మధ్య ఉండి రాసిన 'ది చెంచూస్: జంగిల్ ఫోక్ ఆఫ్ ది దక్కన్'. ఒకే ఏడాది మద్రాసు తెరమీద ఒక చెంచెత, లండన్ అచ్చులో ఇంకో చెంచెత. ఒకరి సంగతి ఒకరికి తెలియదు. హైమెన్‌డార్ఫ్ చూపులోనూ దొరతనం ఉంది, 'జంగిల్ ఫోక్' అన్న పేరులోనే ఉంది. అయినా ఆయన పుస్తకంలో చెంచు స్త్రీ పని చేస్తూ కనపడుతుంది. పొద్దున లేచి గడ్డలు తవ్వుకు రావడానికి వెళుతుంది. ఎవరి తిండి వాళ్లు సంపాదించుకునే బతుకు కాబట్టి మొగుడి దగ్గర ఆమెకు తలవంపు తక్కువ. పొసగకపోతే విడిపోవడం పెద్ద ఘోరం కాదు. అదే ఏడాది సినిమాకు ఇవేవీ అక్కరలేదు. దానికి కావలసింది లక్ష్మీదేవి.

ఇక్కడ కథ గురించి కొంచెం ఆగి మాట్లాడుకోవాలి. 1958 సినిమాలో చెంచులక్ష్మి ఎవరు? దుర్వాసుడి శాపం వల్ల భూమ్మీద పుట్టిన సాక్షాత్తు శ్రీమహాలక్ష్మి. అంటే చెంచు గూడెంలో పుట్టడం ఒక శాపఫలం. వైకుంఠంలో ఉండవలసిన స్త్రీకి పడిన శిక్ష పేరు చెంచు పుటక. ఈ ఒక్క ముక్క మీద కథంతా నడుస్తుంది. ఆమె అందం చెంచులది కాదు, లక్ష్మిది. ఆమె తెలివి, చొరవ, మగవాడిని నిలదీసే ధైర్యం అన్నీ పైనుంచి తెచ్చుకున్నవే. పెంచిన తల్లిదండ్రులు కేవలం కాపలాదారులు. శాపం తీరితే ఆమె ఎవరిదో వాళ్ల దగ్గరికి పోతుంది.

చెంచుల దగ్గర ఈ కథ ఇలా లేదు. అహోబిలంలో ఏటా సంక్రాంతి తర్వాత మొదలయ్యే పారువేటలో నరసింహస్వామి పల్లకి ఊరూరా తిరుగుతుంది. తన పెళ్లికి పిలవడానికి స్వామి వస్తాడని చెప్పుకుంటారు. చెంచులకు ఆయన బావ. బావ మీద బాణం వేసే సరసం కూడా ఉంటుంది. ఇటు శ్రీశైలం వైపు మల్లన్న కూడా 'చెంచు మల్లయ్యే'. ఈ వరస కలపడంలో ఒక మెలిక ఉంది. దేవుడు మా పిల్లను చేసుకున్నాడు కాబట్టి మా ఇంటికి రావాలి, మమ్మల్ని పిలవాలి, మా మాట పడాలి అన్న హక్కు అందులో ఉంది. మా పిల్ల మా పిల్లే, ఇంకెవరో మారువేషంలో వచ్చింది కాదు.

మన యక్షగానాల్లోనూ ఆ పదును కొంత మిగిలింది. ఓబయమంత్రి 'గరుడాచలం' మొదలుకొని వీధి నాటకాల దాకా ఆదిలక్ష్మికీ చెంచెతకీ మధ్య జరిగే వాదం జనానికి చాలా ఇష్టమైన ఘట్టం. సవతుల పోట్లాట అని మనం చిన్నచూపు చూసే ఆ ఘట్టంలో చెంచెతకు నోరుంది. పట్టుచీరె దేవతను ఎదురుగా నిలబెట్టి కులం, తిండి, కట్టు, నడత అన్నిటి మీదా మాటకు మాట అంటుంది. స్త్రీలిద్దరినీ ఒక మగవాడి కోసం కొట్లాడించడం మెచ్చుకోవలసిన విషయం కాదు, నిజమే. కానీ సినిమా ఏం చేసింది? ఇద్దరినీ కలిపి ఒక్కరిని చేసింది. ఆదిలక్ష్మే చెంచులక్ష్మి అయ్యాక ఇక వాదించడానికి ఎదుటి మనిషి ఎవరు? సవతి పోరు పోయింది, సంతోషం. దాంతోపాటు కులస్త్రీని అడవి స్త్రీ నిలదీసే ఒకే ఒక్క అవకాశం కూడా పోయింది. ఇది మంచి స్క్రీన్‌ప్లే అనిపించవచ్చు. నాకు మాత్రం ఆ పోగొట్టుకున్న కొట్లాటే కావాలనిపిస్తుంది.

ఇక ఆ సుప్రసిద్ధమైన యుగళగీతం. ఘంటసాల, జిక్కి పాడింది. పెళ్లాడతానని వచ్చినవాడిని అడవి పనులు వచ్చా అని ఆమె వరసగా పరీక్షిస్తుంది. ఇన్నేళ్లూ నాకు ఈ పాట ఎందుకు నచ్చిందో ఇప్పుడు తెలిసింది. తెలుగు సినిమాలో ఆడపిల్ల మగవాడికి పరీక్ష పెట్టడం ఎన్నిసార్లు చూశాం? వరుడి జీతం, ఇల్లు, ఒడ్డూ పొడుగూ తండ్రులు చూస్తారు. ఇక్కడ పిల్లే అడుగుతుంది, నీకు పనేం వచ్చు అని. ఆ కాసేపు ఆమె లక్ష్మి అని మనకు గుర్తుండదు, చెంచెతగానే నిలబడుతుంది. ఆ కాసేపటి కోసం ఈ సినిమాను నేను పూర్తిగా కొట్టెయ్యలేను. అయితే పరీక్షకు వచ్చినవాడు దేవుడు. దేవుడికి ఏ పనీ బరువు కాదు. చెట్టెక్కి కిందపడి నడుం విరిగినవాళ్లు, తేనె కోసం కొండ అంచున తాడు పట్టుకు వేలాడేవాళ్లు ఉన్న చోట అది ఆటైపోయింది. తేనె తీసేవాడి తాడు పైన బావమరిదే పట్టుకోవాలని చెంచుల్లో ఒక మాట ఉంది. తన చెల్లెలి మొగుడిని వదిలెయ్యడు కదా అని ఆ నమ్మకం. ఇంత ఉత్కంఠ ఉన్న దృశ్యం మన దర్శకుల కళ్లెదుటే ఉన్నా ఎవరికీ పట్టలేదు. ఎలుగుబంటి వేషాలు మాత్రం పట్టాయి.

2003లో అచ్చంపేట దగ్గర నేను పనిచేసిన కాలేజీలో జరిగినది ఇక్కడ చెప్పాలి. చెప్పకుండా ఈ వ్యాసం రాస్తే సిగ్గుచేటు.

కాలేజీ డేకి నృత్యం ఎంపిక నా బాధ్యత. నేను చూపించిన ఉత్సాహం వల్లే చెంచులక్ష్మి పాట ఖాయమైంది. మా క్లాసులో ఒక చెంచు అమ్మాయి ఉండేది. మన్ననూరు పైన అడవి లోపల పెంట నుంచి హాస్టలుకు వచ్చి చదువుకుంటున్న పిల్ల. నల్లమలలో చెంచుల ఆవాసాలను పెంటలంటారు. మైదానం పిల్లలకు ఆ మాటకు పేడకుప్ప అనే అర్థం తెలుసు. హాజరు పిలిచేటప్పుడు ఊరిపేరు చదివితే వెనక బెంచీల్లో కిసుక్కుమనేవాళ్లు. అందుకని ఆమె ఊరి పేరు అడిగితే 'మన్ననూరు' అనేది. సరే, ఈ పిల్లయితే 'సహజంగా' ఉంటుందని ఒక సహోద్యోగి అన్నారు. నేనూ తల ఊపాను. ఏడో తరగతిలో నాకు పడిన ముద్రనే ఇంకో పిల్లకు వేస్తున్నానని నాకు తట్టలేదు.

ఆమె కాదనలేదు. వేషం గుడ్డలు చూసి ఒక్క మాట అడిగింది.

"మేడం, మా అమ్మ చీరె కడ్తది. నేను చీరె కట్టుకొని ఆడొద్దా?"

అందరూ నవ్వారు. చీరె కట్టుకుంటే చెంచులక్ష్మి అని ఎట్లా తెలుస్తుంది? తర్వాత విల్లు ఆమె చేతికిచ్చాం. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది మా నాయిన పట్టుకునేది మేడం. మా అమ్మ గడ్డలు తవ్వే కట్టె పట్టుకుంటది" అంది. కట్టెతో డాన్సేమిటని మళ్లీ నవ్వు. మర్నాడు ఆమె రిహార్సలుకు రాలేదు. రాలేదని ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు. ఆ వేషం అచ్చంపేట బజారులో బట్టల దుకాణం వాళ్ల అమ్మాయి వేసింది. బాగానే వేసింది. మా చెంచు పిల్ల వెనక వరసలో కూచుని చప్పట్లు కొట్టింది. ఆ రాత్రి నేను ఇంటికి పోయి హాయిగా నిద్రపోయాను కూడా.

ఆ రెండు వాక్యాల్లో ఆమె చేసిన సినిమా విమర్శ నాకు అర్థం కావడానికి ఇరవై ఏళ్లు పట్టింది. మన కవులకు, దర్శకులకు, డాన్సు మాస్టర్లకు చెంచెత చేతిలో విల్లు కావాలి. విల్లు పట్టుకుంటే నడుం వంపు తిరుగుతుంది, చెయ్యి చాస్తుంది, కన్ను మూస్తుంది. తవ్వే కట్టె పట్టుకుంటే గొంతుకూర్చోవాలి, వంగాలి, చెమట పట్టాలి, గోళ్లలో మట్టి చేరాలి. ఆ భంగిమలో కెమెరాకు దొరికేదేమీ లేదు. కట్టె తీసేసి విల్లు పెట్టడంతో ఆమె శ్రమ తెరమీంచి మాయమైంది. వేట మగవాడిది, అది రోజూ దొరకదు. పొయ్యిలోకి రోజూ వచ్చేది ఆమె తవ్వి తెచ్చిన గడ్డ, ఏరి తెచ్చిన ఇప్పపువ్వు, చింతపండు, కుంకుడుకాయ. ఇంటికి తిండి పెట్టే మనిషిని అలంకారంగా మార్చడం అంటే ఇదే కదా.

దుస్తుల సంగతి కొస్తే 1958కీ ఇప్పటికీ మారింది దర్జీ పనితనం మాత్రమే. 1976 'భక్త కన్నప్ప'లో వాణిశ్రీ అయినా, 2025 'కన్నప్ప'లో ప్రీతి ముకుందన్ అయినా అడవిలో స్త్రీ ఒళ్లు కనపడి తీరాలన్నది ఒక నియమంలా సాగుతూనే ఉంది. మైదానం స్త్రీకి వెయ్యలేని బట్టలు వెయ్యడానికి సినిమావాళ్లకు అడవి ఒక సాకు. సెన్సారు కూడా ఆ సాకును మన్నిస్తుంది, వాళ్ల 'ఆచారం' అని.

ఇంతకన్నా పెద్ద సినిమాల సంగతి చూద్దాం. 2022లో ప్రపంచమంతా ఊగిపోయిన 'ఆర్ఆర్ఆర్' ఒక గోండు పిల్ల అపహరణతో మొదలవుతుంది. దొరసానికి గోరింట పెట్టి పాట పాడినందుకు ఆ పిల్లను ఎత్తుకుపోతారు, అడ్డం వచ్చిన తల్లి దెబ్బ తిని పడిపోతుంది. ఆ తర్వాత మూడు గంటలు ఇద్దరు మగవాళ్ల స్నేహం. ఆ తల్లి మళ్లీ చివర్లో బిడ్డను అందుకోవడానికి తెరమీదికి వస్తుంది. నేను థియేటర్లో ఈలలు వేసినవాళ్లలో లేను గానీ, నిప్పూ నీరూ దూకినప్పుడు కుర్చీ అంచుకు జరిగిన మాట నిజం. ఇంటికి వచ్చాక ఆ తల్లి పేరేమిటని మా అమ్మాయిని అడిగాను. దానికీ గుర్తులేదు. రెండుసార్లు చూసింది ఆ సినిమా.

అదే 2022 ఫిబ్రవరిలో 'భీమ్లా నాయక్' వచ్చింది. నల్లమల పేరు తెలుగు రాష్ట్రాల్లో ప్రతి ఆటోలోనూ మోగింది ఆ సినిమా పాటవల్లే. పాట మొదట్లో వినపడే కిన్నెర, గొంతు దర్శనం మొగులయ్యవి. నాగర్‌కర్నూల్ జిల్లా లింగాల మండలం అవుసలకుంట మనిషి, డక్కలి కళాకారుడు. పన్నెండు మెట్ల కిన్నెర మీద పండుగ సాయన్న, మియాసాబ్ కథలు పాడుకుంటూ ఊరూరా తిరిగినవాడు. 2021 సెప్టెంబరులో పాట విడుదలైంది, 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024 మేలో ఆయన హైదరాబాద్ శివారు తుర్కయంజాల్‌లో ఇల్లు కట్టే చోట కూలిపని చేస్తున్నాడని పత్రికల్లో ఫోటో వచ్చింది. పాట కోట్లమంది విన్నారు. కిన్నెర ఆయనకు తిండి పెట్టలేదు. పాలమూరు లేబరు అన్న మాట పద్మశ్రీని కూడా వదల్లేదన్నమాట.

ఆ పాటలో నల్లమల ఉంది, పులి ఉంది, పుట్టిన మగబిడ్డ ఉన్నాడు. తల్లి కడుపు దాకా వచ్చి ఆగిపోయింది. ఇక్కడ మూలం వైపు చూడటం అవసరం. 'భీమ్లా నాయక్' 2020 మలయాళ చిత్రం 'అయ్యప్పనుం కోషియుం'కు తెలుగు రూపం. ఆ సినిమా అట్టపాడి అడవిలో జరుగుతుంది. అందులో పాడిన నంజియమ్మ ఇరుళ తెగ స్త్రీ, పశువులు కాసుకునే మనిషి. తన భాషలో, తన ఒడుపులో పాడింది. 2022 జూలైలో జాతీయ ఉత్తమ గాయని పురస్కారం ఆమెకే ప్రకటించారు. శ్రుతిలో పాడటం రాని మనిషికి ఎట్లా ఇస్తారని ఒక సంగీతకారుడు బాహాటంగానే అన్నాడు. ఆ గొడవ విన్నప్పుడు నాకు మా కాలేజీ విల్లు గుర్తొచ్చింది. అడవి గొంతు కావాలి, కానీ మన శ్రుతిలో ఉండాలి.

ఆ మలయాళ సినిమాలో నాయకుడి భార్య కణ్ణమ్మ ఆదివాసీ స్త్రీ. చంకలో చంటిబిడ్డతో నిలబడి డబ్బూ పలుకుబడీ ఉన్న కోషిని ముఖం మీదే కడిగేస్తుంది. గౌరీ నంద చేసిన ఆ పాత్రను మరిచిపోలేం. తెలుగులో ఆ భార్య పాత్ర నిత్యా మీనన్ చేసింది. ఆమె మంచి నటి, ఉన్నంతలో తెరను నిలబెట్టింది. కానీ కణ్ణమ్మ మాటల్లో వినపడిన భూమి, పోలీసులు, నిఘా, ఆదివాసీ కోపం తెలుగులోకి వచ్చేసరికి భార్య కోపంగా తగ్గిపోయాయని నాకనిపించింది. తెలుగు నిర్మాతలు అడవి స్త్రీ గొంతును పూర్తిగా మరిచిపోలేదు. జానపద గాయని కుమ్మరి దుర్గవ్వ చేత సాహితి చాగంటితో కలిపి ఒక పాట పాడించారు, అడవితల్లి మాట పేరుతో. దుర్గవ్వ గొంతు మొదలవగానే ఒళ్లు జలదరిస్తుంది. కానీ ఆ పాటలో మాట్లాడేది అడవితల్లి, అడవిలో బతికే తల్లి కాదు. ఈ రెంటికీ మధ్య దూరం చాలా ఉంది. అడవితల్లికి రేషన్ కార్డు అక్కరలేదు.

వనపర్తి వైపు ఒక్కసారి పోయి వద్దాం. 2024 సెప్టెంబరులో అదితిరావ్ హైదరీ, సిద్ధార్థ్‌ల పెళ్లి శ్రీరంగాపురం రంగనాయకస్వామి గుడిలో జరిగింది. ఆ ఫోటోలు దేశమంతా తిరిగాయి. అదితి వనపర్తి సంస్థానాధీశుడు రాజా రామేశ్వరరావు మనుమరాలు. ఆయన ఓరియంట్ లాంగ్‌మన్ నడిపినవాడు. భార్య శాంతా రామేశ్వరరావు హైదరాబాద్‌లో విద్యారణ్య స్కూలు పెట్టిన రచయిత్రి. కూతురు విద్యారావు ఠుమ్రీ గాయని. మూడు తరాల స్త్రీలు, ముగ్గురూ తమ పని తాము ఎంచుకున్నవాళ్లు. పత్రికలకు ఇది పట్టలేదు. 'వనపర్తి రాకుమారి' అన్న ఒక్క మాట దొరికింది, సరిపోయింది. 2018 'సమ్మోహనం'లో అదితి తెలుగు సరిగా పలకలేని సినిమా తారగా నటించింది, ఆ పాత్రకు తన గొంతే ఇచ్చుకుంది. వనపర్తి మనుమరాలు తెలుగు రాని పిల్లగా, తన సొంత గొంతుతో! ఈ విడ్డూరం మీద ఎవరూ నాలుగు మాటలు రాయలేదెందుకో. పాలమూరు యాసలో మాట్లాడే కథానాయిక ఇంకా మనకు బాకీ ఉంది. 2017 'ఫిదా'లో సాయిపల్లవి బాన్సువాడ పిల్లగా సొంత గొంతుతో మాట్లాడి దారి తెరిచింది. ఆ దారి నిజామాబాద్ దాటి కృష్ణ ఒడ్డుకు రాలేదు.

మా గద్వాల మాటకొస్తే సినిమాల్లో, సీరియళ్లలో అది చీరె పేరుగానే బతుకుతుంది. నూలు ఒళ్లు, పట్టు అంచు, రెంటినీ కలిపి నేసే కుప్పడం పని. కట్టుకున్న అత్తగారు కనపడుతుంది గానీ, కండెలు చుట్టిన మనిషి కనపడదు. నేత పని చేసే స్త్రీ భుజం నొప్పి కథ అయిన సినిమా నాకు తెలిసి ఒకటే, 2019 'మల్లేశం'. అది మా వైపుది కాదు, ఆలేరు వైపు చింతకింది మల్లేశం జీవితం. ఆసు పోసీ పోసీ తల్లి భుజం పడిపోతే, ఆ నొప్పి చూడలేక కొడుకు యంత్రం కనిపెట్టి దానికి ఆమె పేరే పెట్టుకున్నాడు. తల్లిగా ఝాన్సీ చెయ్యి ఎత్తలేక ఎత్తే దృశ్యం దగ్గర నేను ఏడ్చాను. కొడుకు విజయగాథే అయినా, ఆ సినిమా కెమెరా ఒక స్త్రీ చేసే పని మీద నిలబడింది. చెంచెత తవ్వే కట్టె మీద అలా నిలబడిన కెమెరా ఇంకా రాలేదు.

వస్తే ఏం చూపించాలో నల్లమలకు తెలుసు. 2019లో అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో 83 చదరపు కిలోమీటర్ల మేర యురేనియం కోసం వెతికే ప్రతిపాదన వచ్చినప్పుడు 'సేవ్ నల్లమల' అని సమంత, విజయ్ దేవరకొండ, శేఖర్ కమ్ముల వంటి సినిమావాళ్లు మాట్లాడారు. మంచి పనే. ఆ సెప్టెంబరు 16న శాసనసభ వ్యతిరేకంగా తీర్మానం చేసింది. టీవీ చర్చల్లో మాత్రం అడవి, పులి, నది, క్యాన్సరు అన్నీ వినపడ్డాయి. పెంటల్లోని ఆడవాళ్లు ధర్నా దృశ్యాల్లో, వెనక, గొంతు తగ్గించిన శబ్దంతో కదిలారు. కింద స్క్రోలింగులో తారల పేర్లు. తర్వాత యురేనియం మాట సద్దుమణిగింది. పులుల కోసం పెంటలను అడవి బయటికి తరలించాలన్న మాట మాత్రం వినపడుతూనే ఉంది.

2024 జూన్‌లో ఇదే నాగర్‌కర్నూల్ జిల్లాలో ఒక చెంచు స్త్రీని రోజుల తరబడి నిర్బంధించి హింసించిన వార్త వచ్చింది. పనికి రానన్నందుకని, భూమి తగాదా అని రాశారు. వివరాలు ఇక్కడ రాయను, చదవలేం. ఆ వారం ఒక చానల్ ఆ వార్త వెనక ఏదో పాత సినిమా అడవి సంగీతం వేసింది. నేను టీవీ కట్టేశాను. ఏడో తరగతిలో నేను వేసిన మచ్చల గుడ్డకూ ఆ వార్తకూ నేరుగా సంబంధం ఉందని అనను. అంత తేలిక లెక్కలు నాకు నచ్చవు. కానీ ఎనభై ఏళ్లుగా ఒక జాతి స్త్రీలను మనం ఆడే బొమ్మగా, దేవత మారువేషంగా చూస్తూ వచ్చాం. కూలి అడిగే మనిషిగా, పట్టా భూమి ఉన్న మనిషిగా, రానని చెప్పగల మనిషిగా ఆమెను ఒక్కసారి కూడా తెరమీద చూడలేదు. ఆమె 'రాను' అన్నప్పుడు ఊరికి అంత కోపం ఎందుకొస్తుందో ఆలోచించేటప్పుడు ఇది పక్కన పెట్టలేను.

మొన్న వేసవిలో మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర నా పాత విద్యార్థిని కలిసింది. నేను గుర్తుపట్టలేదు, ఆమే పిలిచింది. అంగన్‌వాడీలో పని చేస్తోంది. పిల్లలు ఇద్దరు. రోడ్డు పక్క బండ మీద కూచుని టీ తాగాం. నేను చెంచులక్ష్మి మీద రాస్తున్నానని చెప్పి, 2003 నాటి సంగతి ఎత్తాను. క్షమించమని అడగడానికి మాటలు వెతుక్కుంటుంటే ఆమె నవ్వేసింది.

"గా విల్లు మస్తు అల్కగుండె మేడం. గాలికే ఇరుగుతుండె."

ఆ సినిమా ఆమె ఎప్పుడూ చూడలేదట. కథ చెప్పమంది. శాపం దగ్గర నుంచి చెప్పుకొచ్చాను. లక్ష్మీదేవి చెంచుల ఇంట్లో పెరగడం, నరహరి రావడం, పరీక్షలు, పెండ్లి. టీ గ్లాసు పట్టుకుని శ్రద్ధగా వింది. శాపం మాట వచ్చినప్పుడు మాత్రం ముఖం తిప్పుకుని రోడ్డు వైపు చూసింది.

"పెండ్లయినంక?"

"వైకుంఠానికి పోతుంది."

"తల్లిగారింటికి మల్ల రాదా?"

సినిమా అక్కడితో అయిపోతుందని చెప్పాను.

"అట్లెట్ల అయిపోతది మేడం? పండుగకన్న రావాలె గద" అంటూ లేచి, అటుగా వస్తున్న ఆటోను ఆపడానికి చెయ్యెత్తింది.